పల్లెలో కాపురమున్న బడి

మైలవరం దాటి రెడ్డిగూడెం వైపు మళ్లాక రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలే. నూజివీడు మామిడి అని పేరుపడ్డ కాయలో ఈ మండలంలో కాసింది కూడా ఉంటుంది. తోటల మధ్య ఊళ్లు, ఊళ్లకు కాస్త ఎడంగా పల్లెలు. ఈ ప్రాంతంలో 'పల్లె' అంటే చిన్న ఊరని కాదు, మాలపల్లె, మాదిగపల్లె అని. అలాంటి చాలా పల్లెల్లో ఒక చర్చి ఉంటుంది. పల్లె జనం నోట అది గుడే. ఇప్పుడా గుడి ఆదివారం తెరుచుకుంటుంది, క్రిస్మస్‌కు రంగు కాగితాలు కట్టించుకుంటుంది, మిగతా రోజులు తాళంతో ఉంటుంది. పొద్దున్నే పసుపుపచ్చ బస్సు హారన్ కొడితే మెడకు టై, నడుముకు బెల్టు బిగించిన మూడేళ్ల పిల్లలు ఎక్కి 'కాన్వెంటు'కు పోతారు. క్రైస్తవ సిస్టర్లు నడిపిన బళ్ల నుంచి వచ్చిన ఆ మాట ఇవాళ ఎల్‌కేజీ ఉన్న ప్రతి ప్రైవేటు బడికీ పేరైపోయింది. మాట మిగిలింది గానీ దాని వెనకున్న జీవితం పోయింది. ఇవాళ్టి ఈ కాన్వెంట్లకన్నా చాలా ముందే, వాటికన్నా ఎంతో పేదగా, పల్లె గుళ్లోనే నడిచిన చిన్నపిల్లల బడి ఒకటుండేది. దానికి బోర్డు లేదు, యూనిఫాం లేదు, సరైన గోడలు కూడా లేవు. దాని గురించి ఇప్పుడైనా నిదానంగా మాట్లాడుకోవాలి.

ఆ బడి మీద రెండు మాటలు చాలాకాలంగా నలుగుతున్నాయి. చీకట్లో ఉన్నవాళ్లకు వెలుగు తెచ్చిందని మిషన్ చరిత్రలు రాసినవాళ్లు అన్నారు. అక్షరం ఎరగా వేసి మతంలో కలుపుకున్నారని గిట్టనివాళ్లు అన్నారు. బడి ఎందుకు పెట్టారన్నదొక్కటే ఈ రెండు పక్షాలకూ కావాలి. ఆ బడి చెప్పినవాళ్లు సాయంత్రమయ్యాక ఎక్కడికి పోయారో ఎవరూ అడగరు. వాళ్లు ఎక్కడికీ పోలేదు. గుడి పక్క గుడిసెలో, అదే బావి నీళ్లు తాగుతూ, అదే పల్లెలో ఉన్నారు. ఆ బడిలో విలువైనదంతా ఈ ఒక్క సంగతి నుంచే పుట్టిందనీ, తర్వాత వచ్చిన ఏర్పాట్లన్నీ బడికి కావలసిన మిగతావన్నీ సమకూర్చి దీన్ని మాత్రం జారవిడిచాయనీ నా నమ్మకం.

ముందు ఎర సంగతి తేల్చుకోవాలి. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగింది 1841లో. 1843లో నోబుల్ తెరిచిన బడి పై కులాల పిల్లల కోసం. పైవాళ్లు చదివి మారితే ఆ మార్పు కిందికి పారుతుందని ఆయన లెక్క. మాల, మాదిగ పిల్లలు ఆ లెక్కలో లేరు. పదహారేళ్ల తర్వాత, 1859లో, రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య సత్యమేమిటో తెలుసుకోవాలని తనంతట తానే వెతుక్కుంటూ బెజవాడలో ఉన్న మిషనరీ డార్లింగ్ దొర దగ్గరికి వెళ్లాడు. ఆ ఏడే తన వాళ్లతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. కృష్ణా జిల్లా మెట్టలో పల్లె క్రైస్తవం మొదలైంది ఆ నడకతోనే. మిషన్ మచిలీపట్నంలో కూర్చుని వేసుకున్న పథకం ఒకటి, పల్లె వచ్చి తలుపు తట్టి చేయించిన పని ఇంకొకటి. ఆ తర్వాత పల్లె వెంట పల్లె అడిగింది ఒకటే: మాకొక పంతుల్ని ఇవ్వండి. పంతుళ్లు చాలక ఏళ్ల తరబడి ఎదురుచూసిన పల్లెలున్నాయి. సంఘం ముందు పుట్టింది, బడి దాని వెంట వచ్చింది. ఎర అనడానికి ఈ వరస కుదరదు.

అంత పట్టుగా ఎందుకు అడిగారంటే, నేలను చూస్తే అర్థమవుతుంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక దిగువన డెల్టా పచ్చబడింది. మైలవరం, తిరువూరు వైపు మెట్ట మాత్రం చెరువు నిండితే పంట, లేకుంటే ఎండు. ఎండిన ఏడు అప్పు, అప్పు తీరేదాకా పాలేరుతనం. ఆ అప్పు కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం చదవగలిగినవాడు అప్పిచ్చినవాడే. ఊళ్లో వీధిబడి ఉంది, అయితే దాని అరుగు ఎక్కే హక్కు పల్లె పిల్లవాడికి లేదు. కాబట్టి పంతులు అంటే పల్లెకు ముందుగా తోచింది తన కాగితం తనకు చదివి పెట్టే మనిషి. పిల్లలకు అక్షరాలు చెప్పడం రెండో పని. వెంకయ్య లాంటి వాళ్ల ఆత్మ దాహాన్ని నేను చిన్నబుచ్చడం లేదు, అది నిజమైనదే. ఆకలి, అప్పు, దేవుడు అని విడివిడి గదులు కట్టుకుని బతికే వెసులుబాటు పల్లెకు లేదంతే.

ఇక బడి. మట్టి గోడల మీద తాటాకు కప్పు. కొంచెం కలిగిన సంఘమైతే నాపరాళ్లు, పెంకు. వాకిట్లో చెట్టు కొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టడానికి ఒక ఇనపకమ్మీ. అదే ప్రార్థన గంట, అదే బడి గంట. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు పగలు దొరకరు. గొడ్ల వెంట పోవాలి, కలుపుకు పోవాలి, మగపిల్లలైతే ఏదో కాపు ఇంట్లో జీతానికి కుదిరి ఉంటారు. వాళ్లకు రాత్రిబడి, లాంతరు వెలుగులో. పగటి బడికి మిగిలేది ఏ పనికీ అందని వయసు పిల్లలు: నాలుగేళ్లవాడు, మూడేళ్లది, అక్క చంకలో కూర్చుని వచ్చిన ఏడాది బిడ్డ. ఆ రోజుల రికార్డుల్లో అడుగు తరగతికి 'ఇన్‌ఫెంట్ క్లాసు' అని పేరు. పల్లె బడిలో బరువంతా ఆ తరగతి మీదే. ఎవరూ కావాలని పెట్టకుండానే, కూలి పని పెద్ద పిల్లల్ని తీసుకుపోగా మిగిలిన శిశుపాఠశాల అది.

పాఠం ఇసుకతో మొదలయ్యేది. జల్లించిన సన్న ఇసుక నేల మీద అరచేత్తో చదును చేసి, పంతులమ్మ పిల్లవాడి చూపుడువేలు పట్టుకుని 'అ' రాయిస్తుంది. వేలు వెళ్లిన దారి ఇసుకలో కాలవలా పడుతుంది. పిల్లవాడు తన వేలి కింద అక్షరం పుట్టడం చూస్తాడు, మరుక్షణం అరచేత్తో చెరిపేస్తాడు, మళ్లీ రాస్తాడు. తప్పు రాసినా దాని గుర్తు మిగలదు. కాగితం మీద ఎర్ర సిరా ఇంటూ గుర్తు ఎరగని చదువు అది. ఆ తర్వాతే పలక. చెక్క పలకకు బొగ్గూ దొండాకూ కలిపి రుద్ది, ఎండలో పెట్టి నలుపెక్కించడం పిల్లల పనే, అది వాళ్లకు పండగ కూడా. లెక్కలకు చింతపిక్కలు. ఐదు పిక్కల్లో రెండు తీస్తే ఎన్నో నోటితో చెప్పే ముందు చెయ్యి చెబుతుంది. పాటకు కీర్తనలు. పురుషోత్తమ చౌదరి, 1803లో పుట్టి 1890 దాకా జీవించినాయన, రాగం తాళం వేసి రాసిన కీర్తనలు అచ్చు చదవడం రాని పిల్లల నోట్లో ముందు పడేవి, పుస్తకంలోకి తర్వాత వచ్చేవి. కీర్తన నోటికొచ్చిన పిల్లకు కీర్తనల పుస్తకం తెరిచి చూపిస్తే సగం చదువు అయిపోయినట్టే. ఏ మాట ఎక్కడుందో చెవికి ముందే తెలుసు, కన్ను పోయి పట్టుకోవడమే మిగిలింది. చిన్నపిల్లలకు చదువు నేర్పడం మీద ఇవాళ శిక్షణ తరగతుల్లో చెప్పేది చాలావరకు ఇదే.

పంతులు జీతం ఎప్పుడూ చాలీచాలనిదే. సంఘం పిడికెడు బియ్యం తీసేది. ప్రతి పూటా ఎసట్లో పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి కుండలో వేస్తుంది, ఆదివారం అది గుడికి వస్తుంది. కోతపండక్కి కోడి, గుమ్మడికాయ, గంపెడు జొన్నలు. పల్లె తిన్నప్పుడు పంతులు తిన్నాడు, పల్లె పస్తున్నప్పుడు ఆ కుండ కూడా నిండలేదు. దోర్నకల్ బిషప్ అజరయ్య ఈ జీవితం విలువ బాగా ఎరిగినవాడు. 1912 డిసెంబరు 29న అభిషిక్తుడై ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయిన ఆయన, దోర్నకల్‌లో మొదట్లో గుడారంలోనే ఉన్నాడు. శిక్షణకు వచ్చే పంతుళ్లతో పాటు వాళ్ల భార్యలకూ పాఠాలు పెట్టించాడు. ఆయన భార్య అన్బు ఆ స్త్రీలకు బోధించేది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, చిన్నపిల్లల బడికి ప్రాణం ఇక్కడే ఉంది. మూడేళ్ల పిల్ల పంతులు దగ్గర కూర్చోదు, పంతులమ్మ ఒళ్లో కూర్చుంటుంది. పురుడు వచ్చినప్పుడు, చంటిబిడ్డకు జ్వరం వచ్చినప్పుడు, మొగుడు తాగొచ్చి కొట్టినప్పుడు పల్లె ఆడవాళ్లు వెళ్లి కూర్చున్న అరుగు ఆమెదే. ఏ ఇంట్లో ఏ బిడ్డ ముద్ద ముట్టలేదో, ఎవరి తల్లి మిరపకోతలకు ఏ ఊరు వెళ్లిందో ఆమెకు తెలుస్తుంది. హాజరు పట్టీలో ఖాళీ గడి ఎందుకు పడిందో అడగక్కర్లేని బడి అది.

ఆ బడిని చూడడానికి వచ్చినవాళ్లకు మాత్రం ఇదేదీ కనపడలేదు. చలికాలం దొర బండి మీద వచ్చి, తోటలో డేరా వేసి, ఒక పూట పిల్లల్ని పరీక్షించి వెళ్లేవాడు. పిల్లలు తలకు నూనె పెట్టి, బంతిపూల దండ పట్టుకుని వరసలో నిలబడి, కీర్తన పాడి, పలక ఎత్తి చూపేవాళ్లు. ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి మద్రాసు రాజధానిలో నడిచినన్నాళ్లూ సర్కారు ఇన్‌స్పెక్టరు కూడా ఇలాగే వచ్చి, పాసైన తలలు లెక్కపెట్టి డబ్బు నిర్ణయించేవాడు. తర్వాతి కాలంలో విదేశీ దాతలు వచ్చారు. ఒక్కో పిల్లవాడికి ఒక ఫొటో, ఒక నంబరు, ఏడాదికి రెండు ఉత్తరాలు. వాళ్ల మంచితనాన్ని శంకించనక్కర్లేదు; ఎందరో పిల్లలకు ఆ డబ్బుతోనే పుస్తకాలూ మందులూ అందాయి. కానీ చూపుకు వచ్చినవాళ్లు చూసేది చూపు కోసం సిద్ధం చేసినదాన్నే. పల్లెలో అసలు పని సాయంత్రం, వాళ్లు వెళ్లిపోయాక జరిగేది. ఈ బళ్ల గురించి అచ్చులో మిగిలింది ఎక్కువగా ఆ ఒక్క పూట రాసుకున్న నివేదికలే కావడం వల్ల, పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ కూడా ఆ దండలనూ పాటలనూ చూసే తీర్పు చెప్పారు.

ఇక్కడ ఎదురు వాదనలున్నాయి, అందులో కొన్ని బలమైనవి. మత ప్రచారమే లేదని ఎవరూ అనలేదు, మిషన్ అసలే అనలేదు. బైబిలు చదవగలిగే సంఘం కావాలన్నది వాళ్ల బాహాటమైన లక్ష్యం. దానికి పల్లె చెల్లించిన మూల్యం కూడా ఉంది. జాతరలో డప్పు కొట్టడం విగ్రహారాధనలో భాగమని మానిపించారు, దాంతో తరాల విద్య చేతుల్లోంచి జారింది. మాలపల్లె నుంచి వచ్చిన పంతులు మాదిగపల్లెలో కాపురం పెట్టడానికి వెనకాడిన చోట్లున్నాయి. నేను ఇంతగా మెచ్చుకుంటున్న ఆ ఒక్క గుణమే అక్కడ ఓడిపోయింది. ఇవి దాచవలసినవి కావు. అయితే ఈ తప్పులు చూపించి బడే వద్దనేవాళ్లు ఒకటి చెప్పాలి: ఆ కాలంలో ఆ పిల్లవాడి వేలు పట్టుకుని అక్షరం రాయించడానికి పల్లెలోకి వచ్చి ఉండిపోయిన వేరే మనిషి ఎవరు? 1920 ప్రాంతంలో లేబర్ శాఖ బళ్లు మొదలయ్యేదాకా సర్కారు కూడా ఆ పల్లెల కోసం పెద్దగా కదలలేదు.

రెండో వాదన చదువు నాణ్యత మీద. ఇది మిషన్ లోపలి నుంచే వచ్చింది. ఫ్రేజర్ అధ్యక్షతన దేశమంతా తిరిగిన క్రైస్తవ విద్యా సంఘం 1920లో పల్లె బళ్ల మీద ఇచ్చిన నివేదికలో మొహమాటం లేదు. పిల్లల్లో ఎక్కువమంది అడుగు తరగతుల్లోనే ఆగిపోతున్నారని, నేర్చిన నాలుగు ముక్కలూ కొన్నేళ్లకు మరిచిపోతున్నారని చెప్పింది. నిజమే. ఒక్క పంతులు, ఐదు తరగతులు, పైగా ఆదివారం ప్రసంగం. కానీ ఐదో తరగతి కొలబద్దతో కొలిస్తే శిశుపాఠశాల ఎప్పుడూ ఓడిపోతుంది. దీన్ని అదే తరహా బళ్ల పక్కన పెట్టి చూడాలి. ఫ్రోబెల్ జర్మనీలో 1837లో మొదలుపెట్టి, 1840లో 'పిల్లల తోట' అన్న అర్థంలో కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టిన బడిలో చెక్క బంతులూ దిమ్మలూ ఉన్నాయి, పల్లెలో చింతపిక్కలున్నాయి. ఇంకా దగ్గరి పోలిక మరియా మాంటిస్సోరిది. రోమ్‌లో సాన్ లొరెంజో అనే పేదవాడలో 1907లో ఆమె తెరిచిన మొదటి బడి కూలికి పోయిన తల్లిదండ్రుల పిల్లల కోసం. ఆ బడి నడిపే టీచరు అదే కట్టడంలో, ఆ కుటుంబాల మధ్యే కాపురముండాలన్నది అక్కడి నియమం. బళ్లో చెప్పినది ఇంటికి చేరాలన్నా, ఇంటి గొడవ బడికి అర్థం కావాలన్నా టీచరు పొరుగింట్లో ఉండడం మేలని మాంటిస్సోరి చెప్పింది. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో శిక్షణ ఇచ్చినప్పుడు ఆమె పరికరాలను మన పట్టణాల బళ్లు ఇష్టంగా తీసుకున్నాయి. పొరుగింటి నియమాన్ని ఎవరూ తీసుకోలేదు. ఆ నియమం మాత్రం, ఆమె పేరైనా వినని మెట్ట పల్లెల్లో అప్పటికే రోజూ అమల్లో ఉంది.

ఐదో తరగతికి చేరనివాళ్ల లెక్క ఒకటైతే, చేరినవాళ్ల దారి మరొకటి. బోర్డింగుకు వెళ్లి, ట్రెయినింగు అయి, ఆ పిల్లవాడే మరో పల్లెకు పంతులుగా వెళ్లాడు. ఆ పిల్లే నర్సయి మిషన్ ఆసుపత్రిలో చేరింది. కృష్ణా, గుంటూరు జిల్లాల దళిత క్రైస్తవ కుటుంబాల్లో టీచర్లూ నర్సులూ అంతమంది ఉండడానికి మొదటి మెట్టు ఆ ఇసుక పరిచిన నేలే. తెలుగు కవిత్వంలో అంటరానితనాన్ని నిలదీసిన గుర్రం జాషువా, 1895లో వినుకొండలో పుట్టినవాడు, మిషన్ బడి పంతులుగా పనిచేసినవాడే.

ఆ బడి ఎలా పోయిందంటే, ఎవరూ దాన్ని కూలదోయలేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, దొరలు వెళ్లిపోయారు, మిషన్ డబ్బు తగ్గింది. 1959లో పంచాయతీ సమితులు వచ్చి ఊరూరా బడి పెట్టాయి. పల్లె పిల్లవాడు ఊరి బడి అరుగు ఎక్కాడు. ఇంతకన్నా మంచి వార్త లేదు, గుళ్లో బడి మూతపడడానికి ఇంతకన్నా గౌరవమైన కారణమూ లేదు. పంతులు సమితి టీచరయ్యాడు, జీతం కుదుటపడింది, పిల్లల చదువు కోసం టౌనుకు మారాడు. అతన్ని తప్పుపట్టలేం. ఎయిడెడ్‌గా మిగిలిన మిషన్ బళ్లను 2021లో రాష్ట్ర ప్రభుత్వం సిబ్బందిని అప్పగించమని అడిగినప్పుడు చాలావాటి కథ ముగిసింది. విదేశీ విరాళాల నిబంధనలు బిగుసుకుని, కంపాషన్ ఇంటర్నేషనల్ లాంటి పెద్ద సంస్థ 2017 మార్చిలో దేశం నుంచి వెళ్లిపోయాక, ఫొటోలూ నంబర్లూ కూడా చాలావరకు ఆగిపోయాయి.

అంగన్‌వాడీ ఉంది కదా అన్నది చివరి వాదన, అన్నిటికన్నా న్యాయమైనది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం ఏ సంఘానికీ సాధ్యం కానంత విస్తారమైంది. గుడ్డు, పాలు, బరువు తూచే యంత్రం, టీకా, మతం అడగని వాకిలి, ఇవన్నీ హక్కుగా వచ్చాయి. చిన్నపిల్లల పని దాతల దయ మీద కాక ప్రభుత్వ బాధ్యత మీద నడవడమే సరైనది. పైగా అంగన్‌వాడీ టీచరు స్థానికురాలే అయి ఉండాలన్న నిబంధన ఉంది. తెలిసో తెలియకో పంతులమ్మ నియమాన్నే సర్కారు రాసుకుంది. నా ఫిర్యాదు ఆ నియమాన్ని గౌరవించకపోవడం మీదే. ఆమె పక్కింటి మనిషి కావడం వల్ల తెలిసినదంతా రిజిస్టర్లలోకీ యాప్‌లలోకీ ఎక్కించే గుమాస్తాగా ఆమెను మార్చారు. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెబితే గానీ గ్రాట్యుటీకి అర్హురాలని తేలలేదు. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన సమ్మెలో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు అత్యవసర సేవల చట్టం ఎస్మాను కూడా ఎదుర్కొని రోడ్డు మీద కూర్చున్నారు. ఇక 2009 విద్యాహక్కు చట్టం పదకొండో సెక్షన్‌లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ముందస్తు చదువుకు ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అని ఉంది, 'చేయాలి' అని లేదు. ఆ ఒక్క క్రియాపదం సందులోంచే పసుపుపచ్చ బస్సు పల్లెలోకి వచ్చింది. ఇంగ్లీషు కావాలనుకునే తల్లిదండ్రుల్ని నేను ఒక్క మాటా అనను. అప్పు కాగితం చదవగలిగేవాడు కావాలని వాళ్ల తాతలు కోరుకున్న కోరికే అది. కాకపోతే తాతలకు పంతులు నడిచి వచ్చాడు, ఇప్పుడు మూడేళ్ల పిల్ల బస్సెక్కి పోతోంది.

పత్తి తీతలప్పుడు కూలీల ఆటో తెల్లారేసరికే పల్లె చివర ఆగుతుంది. మామిడి కాపుకొచ్చిన నెలల్లో కాపలాకు కుదిరిన కుటుంబం తోటలోనే పడుకుంటుంది. అంగన్‌వాడీ తలుపు తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. ఆటో కదిలినప్పటి నుంచి ఆ తలుపు తెరిచేదాకా ఉన్న రెండు మూడు గంటలు పిల్ల ఎవరి దగ్గర ఉంటుందన్నది ఏ రిజిస్టరులోనూ గడి లేని ప్రశ్న. గుడి పక్కన పంతులు కాపురమున్న ఇల్లు చాలా చోట్ల ఇంకా నిలబడే ఉంది. ఒకప్పుడు తల్లి కొడవలి నడుముకు దోపుకుని, చంకలోని బిడ్డను దించింది ఆ ఇంటి అరుగు మీదే.